నలుగురు మోసుకుపోయేటంత బాట

డిగ్రీ రెండో సంవత్సరంలో మా కాలేజీ సేవా శిబిరానికి ఎంపికైన ఊరి పేరు నోటీసు బోర్డు మీద చదివి, నేను అక్కడే నిలబడిపోయాను. అది మా ఊరు. దేవరకొండ దాటాక గుట్టల మధ్య రోడ్డు మీద బస్సు దిగి, ఇంకో రెండు కిలోమీటర్లు నడిస్తే వచ్చే ఊరు. చుట్టుపక్కల అన్ని పల్లెలుండగా మా ఊరే ఎందుకు దొరికిందో నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, మా ఊరి చర్చికి వచ్చే పాస్టరు, శిబిరం నడిపే మా చరిత్ర మేడమ్‌ను అడిగాడట.

నేను చదివింది నల్లగొండలో ఒక క్రైస్తవ కాలేజీ. మాది గొర్లు కాసుకునే ఇల్లు. మా ఇంట్లో గాని, దగ్గరి చుట్టాల్లో గాని నాకంటే ముందు నల్లగొండ దాకా వచ్చి చదివిన ఆడపిల్ల లేదు. ఆ కాలేజీనే ఎందుకంటే, చేర్పించడానికి వచ్చిన రోజు హాస్టల్ గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్న ఒక ముసలి సిస్టర్‌ను చూసి మా బాపుకు నమ్మకం కుదిరింది. "గీమె ఉన్నంతసేపు నాకు ఫికర్ లేదు" అని, ఆమెకు దండం పెట్టి వెళ్లిపోయాడు.

నా రూమ్మేట్‌ది నారాయణపేట దగ్గరి పల్లె. వాళ్లు దళిత క్రైస్తవులు. వాళ్లమ్మ మగ్గాల వాళ్లకు కండెలు చుట్టి ఇల్లు నడిపేది. నా రూమ్మేట్ సన్నగా, నల్లగా, ఎప్పుడూ కొంచెం ఆలస్యంగా మాట్లాడే పిల్ల. మనం ఏదైనా అంటే వెంటనే జవాబు రాదు. ఆ మాటను లోపల ఒకసారి తిప్పి చూసుకుంటున్నట్టు ఆగేది. మొదట్లో నాకు అది చిరాకు. పొగరేమో అనుకున్నాను. ఆమె వెంటే నేను శుక్రవారం మధ్యాహ్నాల శాంతి బృందానికి పోవడం మొదలుపెట్టాను. హాస్టల్ గదిలో ఒక్కదాన్నే కూర్చోలేక పోయాను తప్ప, నాకు శాంతి మీద పెద్ద పట్టింపేమీ ఉండి కాదు.

ఆ బృందంలో ఇరవై మందిమి ఉండేవాళ్లం. ఎక్కువమంది క్రైస్తవ పిల్లలే. ముందు బైబిల్లోంచి ఒక భాగం చదివేవాళ్లు, తర్వాత ఆ వారం పేపర్లో వచ్చిన ఒక గొడవ గురించి మాట్లాడుకునేవాళ్లం. చరిత్ర చెప్పే మా మేడం మాతో ఒక సాధన చేయించేది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చోవాలి. ఒకరు తన బాధ చెప్పాలి. రెండో వాళ్లు సలహా ఇవ్వకూడదు, ఓదార్చకూడదు. విన్నదాన్ని తిరిగి వాళ్లకే చెప్పాలి. "ఔను, నేను చెప్పింది ఇదే" అని వాళ్లు ఒప్పుకునే దాకా చెబుతూనే ఉండాలి. వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది. చేయబోతే రెండో నిమిషానికే మన సొంత మాట గొంతులోకి వచ్చేస్తుంది. మాలో ఎవరమూ సరిగ్గా చేసేవాళ్లం కాదు, నా రూమ్మేట్ తప్ప.

శిబిరానికి పోయే బస్సులో, దేవరకొండ దాటాక, ఇక దాచడం కుదరదని ఆమెకు చెప్పేశాను, మనం పోయేది మా ఊరికే అని. ఆమె ఎప్పటిలాగే కొంచెం ఆగి, "మరి నోటీసు చూసిన్నాడు ఎందుకు చెప్పలే?" అంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

జవాబు ఉంది, కానీ అప్పటికి దానికి నా దగ్గర మాటలు లేవు. మా చేను ఊరికీ గుట్టకూ మధ్య ఉంది. చర్చి ఉన్న వాడ వాళ్లు శవాలను పూడ్చే బొందలగడ్డ మా చేను అవతల ఉంది. ఎన్నో ఏళ్లుగా వాళ్లు శవాన్ని మా చేను అంచు మీదుగానే తీసుకుపోయేవాళ్లు. సర్కారు గొర్లు పంచిన మరుసటి ఏడు, ఒకసారి శవపెట్టె పట్టడం లేదని మా రాళ్ల గోడలో కొన్ని రాళ్లు తీశారు. పోతూ పోతూ తిరిగి పెట్టారు గానీ సరిగ్గా పెట్టలేదు. తెల్లారేసరికి ఆ సందులోంచి కుక్కలు చేన్లోని గొర్ల దొడ్డిలోకి దూరి తొమ్మిది గొర్రెపిల్లలను చంపేశాయి. పాలు మరవని పిల్లలు. ఆ రోజు మా బాపు సర్కారు తుమ్మ కంప కొట్టుకొచ్చి గోడ పొడుగునా అడ్డంగా వేశాడు. బాట అక్కడితో మూసుకుపోయింది. వాడ వాళ్లు ఆ తర్వాత గుట్ట చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చింది.

ఇదంతా నాకు తెలుసు. కానీ నాకు గుర్తున్నది గొర్రెపిల్లల ఏడుపే. ఆ తర్వాత ఆ వాడలో ఎవరైనా చనిపోతే శవం ఎటునుంచి పోతుందో నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

శిబిరం బడిలో పెట్టారు. మొదటి రోజు ఆవరణ శుభ్రం చేశాం, గోడలకు సున్నం వేశాం. రెండో రోజు ఇద్దరిద్దరం నోటుపుస్తకాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగి ఏం ఇబ్బందులున్నాయో అడిగాం. నన్నూ నా రూమ్మేట్‌నూ చర్చి వాడకు పంపారు. ఒక వేప చెట్టు కింద నలుగురైదుగురు ఆడవాళ్లు పల్లికాయ ఒలుస్తున్నారు. నీళ్ల గురించి, రేషన్ గురించి చెప్పారు. ఇంకేమైనా ఉందా అని నా రూమ్మేట్ అడిగితే, ఒక ముసలామె చేతిలో పల్లికాయ పక్కన పెట్టి నా వైపు చూసింది.

"సచ్చినోళ్లకు బాట లేదు బిడ్డా. ఎందుకు లేదో గా పిల్లనే అడుగు, ఆమెకు ఎరుకే."

ఆమె గొంతులో కోపం లేదు. అందుకే నేను తల ఎత్తలేకపోయాను. నా రూమ్మేట్ నన్ను అక్కడ ఏమీ అడగలేదు. నోటుపుస్తకంలో రాసుకుని, ఆ ముసలామె చెప్పింది ఆమెకే తిరిగి చెప్పింది. ఆమె ఔనంది. తిరిగి వస్తూ, బోరింగ్ దగ్గర కాళ్లు కడుక్కుంటున్నప్పుడు నేనే నోరు తెరిచాను. ఆ కంప వేసింది మా బాపు అని చెప్పాను. గొర్రెపిల్లల సంగతీ చెప్పాను, కొంచెం గట్టిగానే, తప్పంతా మాది కాదని ఆమె ఒప్పుకోవాలన్నట్టు.

ఆమె ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు. "మీ బాపు గొర్లను ఏ దిక్కు మేపుతడు? రేపు పొద్దుగాల నేనొస్త" అంది.

ఆ సాయంత్రం బడిలో మా వాళ్లంతా కూర్చుని మాట్లాడుకున్నప్పుడు ఈ సంగతి బయటికి వచ్చింది. ఇద్దరు ముగ్గురు మగపిల్లలకు బాగా కోపం వచ్చింది. కలెక్టరుకు అర్జీ పెడదామని, లేకుంటే మనమే పోయి ఆ కంప పీకేద్దామని అన్నారు. నేను అక్కడే ఉన్నానని వాళ్లకు తెలుసు, అయినా ఆగలేదు. ఆగకపోవడం సరైందేనని ఇప్పుడు అనుకుంటాను. మా మేడం అర్జీ రాయమంది. రాసిన తర్వాత దాన్ని మడిచి తన బ్యాగులో పెట్టుకుంది. "ఇది ఉంటది. ముందు మనుషుల దగ్గరికి పోదాం" అంది.

మూడో రోజు పొద్దున్నే నేనూ నా రూమ్మేట్ గుట్ట కిందికి పోయాం. బాపు భుజాన గొంగడి, చేతిలో కట్టెతో మంద వెనక నడుస్తున్నాడు. మా కాలేజీ పిల్లలంతా ఊళ్లో పెద్దవాళ్లను అంకుల్ అంటున్నారు. ఆమె మాత్రం నన్ను చూసి నాలాగే "బాపూ" అంది. చాలాసేపు గొర్ల గురించే అడిగింది. ఏ గొర్రె ముందు నడుస్తుంది, వానాకాలం ముసురు పడితే ఏం చేస్తారు, రోగమొస్తే ఎట్లా తెలుస్తుంది. ఆమెకు నిజంగానే తెలుసుకోవాలని ఉంది. అది బాపుకు కూడా తెలిసింది. ఎండ కొంచెం ఎక్కాక ఒక బండ మీద కూర్చున్నాం. అప్పుడు ఆయనే మొదలుపెట్టాడు.

"నీ దోస్తు గీడిదాక ఎందుకొచ్చిందో నాకు ఎరుకే" అన్నాడు నాతో. "కంప ముచ్చటే గదా."

"ఔ బాపూ," అంది ఆమె. "మీరు చెప్తే వింట. ఏం అడుగ."

బాపు చెప్పాడు. దొడ్డి తలుపు తీసినప్పుడు ఏం చూశాడో, ఏ పిల్ల ఎక్కడ పడి ఉందో, తల్లి గొర్రెలు ఎన్ని రోజులు అరిచాయో. ఆ పిల్లలను తానే గుంత తీసి పూడ్చాడట. అది మాకెవరికీ తెలియదు. ఆయన ఆపాక ఆమె కొంచెం ఆగి, విన్నదంతా తిరిగి ఆయనకే చెప్పింది. గోడ సందు, కుక్కలు, తొమ్మిది పిల్లలు, మళ్లీ అట్లా కావొద్దని కంప.

బాపు తల అడ్డంగా ఊపాడు. "గది కాదు బిడ్డా."

మళ్లీ చెప్పాడు. ఆమె మళ్లీ విన్నది, మళ్లీ చెప్పింది. మళ్లీ కాదన్నాడు. నాకు భయమేసింది, ఈయనకు కోపమొస్తుందేమోనని. కానీ బాపు ముఖంలో కోపం లేదు. ఏదో వెతుక్కుంటున్నట్టు ఉన్నాడు. మూడోసారి మాట ఆయన నోట్లోంచి మెల్లగా వచ్చింది.

"పిల్లలు సచ్చినయని కాదు. కుక్కలకేం తెలుసు. సచ్చినంక గా వాడకెల్లి ఒక్కడన్న వచ్చి, అయ్యో గిట్లాయె అనలే. వాళ్ల మనిషి పోయిన నాడు నేను గొర్లను తోలకుండ ఇంటికాడ్నే ఉన్న. నా పిల్లలు పోయిన నాడు ఎవ్వరు రాలే."

ఆమె దాన్నే ఆయనకు తిరిగి చెప్పింది. సలహా గాని, ఓదార్పు గాని కలపలేదు. "మీరు వాళ్ల దుఃఖానికి ఆగిండ్రు. మీ దుఃఖానికి వాళ్లు ఆగలే."

"ఔ," అన్నాడు బాపు. "గదే."

ఆ తర్వాత ఆయన రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు, చెమట తుడుచుకున్నట్టే. పద్దెనిమిదేళ్లు ఆయన కూతురిగా ఉన్నాను. కంప గురించి మా ఇంట్లో ఎన్నిసార్లు మాట వచ్చిందో లెక్క లేదు. ఆయన లోపల ఉన్నది ఇదని నాకు తెలియదు. ఆయనకైనా తెలుసో లేదో చెప్పలేను. ఒక మనిషి మాట అతనికే తిరిగి ఇవ్వడంలో ఇంత శక్తి ఉంటుందని, అది నా పక్క మంచం మీద పడుకునే పిల్ల దగ్గర ఉందని నేను అనుకోలేదు.

లేచేముందు ఆమె ఒక్కటే అడిగింది, వాళ్ల బాధ ఎవరైనా మీకు చెప్పారా అని. లేదన్నాడు. చెబితే వింటారా అంది. బాపు గొర్లను అదిలించుకుంటూ ముందుకు పోయాడు.

ఆ మధ్యాహ్నం ఆమె చర్చి వాడకు పోయి, గొర్రెపిల్లల సంగతి అక్కడి వాళ్లకు చెప్పింది. బాపు చెప్పినంతే చెప్పిందని ఆమెతో పోయిన మేడం నాకు తర్వాత చెప్పింది. విన్నవాళ్లలో ఆ రోజు రాళ్లు తీసిన యువకుడు కూడా ఉన్నాడు. అతను లేచి ఇంట్లోకి పోయాడట.

నాలుగో రోజు ఆ వాడలో ఒక ముసలాయన చనిపోయాడు. బావులు తవ్వే మనిషి. మా దిక్కు బండల నేలలో సగం బావుల్లో ఆయన సమ్మెట దెబ్బ ఉంటుందని అనేవాళ్లు. ఎండ నెత్తి మీదికి రాకముందే తీసుకుపోవాలని అనుకున్నారు గానీ, ఆలస్యమైంది. మా మగపిల్లలు మేమూ మోస్తామన్నారు. ఇంటివాళ్లు సరేనన్నారు. మేమంతా వెంట నడిచాం. నేను నీళ్ల క్యాను పట్టుకున్నాను.

గుట్ట చుట్టూ పోయే బాట మనుషుల కోసం ఉన్నది కాదు. గొర్లు పోయే బాట అది. పెట్టె మోసేవాళ్లు పక్కపక్కన నడవడానికి జాగా లేదు. ఒక్కోచోట ముందున్న ఇద్దరు వంగితే, వెనకున్న ఇద్దరు చేతులు పైకెత్తి పట్టాల్సి వచ్చింది. ఒక ఏటవాలు బండ దగ్గర పెట్టెకు తాళ్లు కట్టి మెల్లగా కిందికి దించారు. పెట్టె ఒక పక్కకు ఒరిగినప్పుడు లోపల ఏదో కదిలిన చప్పుడు వినిపించింది. చనిపోయినాయన కూతురు పరిగెత్తి వచ్చి రెండు చేతులూ పెట్టె మీద పెట్టింది, లోపల ఉన్న మనిషికి దెబ్బ తగలకూడదన్నట్టు. పాటలు పాడుతున్న మా వాళ్లు పాట ఆపేశారు. మళ్లీ నా రూమ్మేటే మెల్లగా పాట ఎత్తుకుంది. పెట్టె లేచింది.

గుట్ట మీద మా మంద ఉంది. బాపు అక్కడే ఉన్నాడు. నన్ను చూశాడు, నా చేతిలో క్యాను చూశాడు, పెట్టెను చూశాడు. ఈల వేసి గొర్లన్నింటినీ ఒక పక్కకు తెచ్చి, మేము కిందికి దిగేదాకా అక్కడే నిలబడ్డాడు.

సాయంత్రం బట్టల కోసం ఇంటికి పోతే అమ్మ చెప్పింది, బాపు ఇంకా తినలేదని. వాకిట్లో కూర్చుని ఉన్నాడు. నేను పక్కన కూర్చున్నాను. ఆయన ఒక్క మాట అడిగాడు.

"గంత దూరం మోస్తున్నరా?"

నేను ఔనన్నాను. గుట్ట ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ప్రతి బండా తెలుసు. కానీ భుజాన శవం పెట్టుకుని దాని చుట్టూ నడవడం ఎట్లా ఉంటుందో ఆయన ఎప్పుడూ చూసి ఉండలేదు. నేనూ చూడలేదు.

ఆరో రోజు మధ్యాహ్నం పంచాయతీ ఆఫీసు అరుగు దగ్గర అందరూ కూడారు. మేడం పాస్టరుతో, ఊరి పెద్దలతో మాట్లాడి పిలిపించింది. బాపు వచ్చాడు. అరుగు మీద ఆయన పక్కన ఆయన తమ్ముడు, మా చిన్నాయిన కూర్చున్నాడు. చేను ఇద్దరిదీ కలిపి ఉండేది అప్పుడు. వాడ వాళ్లు కింద నిలబడ్డారు. మా కాలేజీ పిల్లలు కూడా అరుగు ఎక్కకుండా వాళ్లతో పాటే నిలబడ్డారు. అది ఎవరూ చెప్పి చేయించింది కాదు.

ముందు మాట్లాడింది ఆ రోజు రాళ్లు తీసిన యువకుడు.

"పిల్లలు సచ్చింది మాకు ఎరుకే కాకా. రాళ్లు సక్కగ పెట్టలే, తప్పు నాదే. వచ్చి చెప్పుదామనుకున్న. కొడ్తరేమోనని భయమై రాలే."

బాపు అతని వైపు తిరిగాడు. "గప్పుడే చెప్తే అయిపోతుండె" అన్నాడు. మెత్తగానే అన్నాడు.

గాలి కొంచెం తేలికైనట్టు అయింది. అప్పుడు ఊరి పెద్దమనిషి ఒక దారి చెప్పాడు. ఎవరైనా పోయినప్పుడు వాడ వాళ్లు వచ్చి మా బాపును అడగాలి, ఆయన కంప తీస్తాడు, శవం పోయాక మళ్లీ వేసుకుంటాడు. అరుగు మీద అందరూ తలలు ఊపారు. కింద నిలబడ్డవాళ్లలోనూ కొందరు ఊపారు. నాకు కూడా గుండె మీద బరువు దిగినట్టు అయింది. గొడవ తీరిపోయింది, ఎవరి పరువూ పోలేదు అనుకున్నాను.

నా రూమ్మేట్ ఒక అడుగు ముందుకు వేసింది. తప్పు మాట్లాడితే మన్నించమని, ఒక మాట చెప్పొచ్చా అని అడిగింది. పెద్దమనిషి చెప్పమన్నాడు.

"అడిగి పోయేదాన్ని బాట అనరు," అంది. "ఇంట్ల మనిషి పోయిన్నాడు, శవాన్ని ఇంట్ల పెట్టుకొని, ఇంకొకరి వాకిట్ల నిలబడి అడగాలె. ఆయన ఊర్లె ఉంటే సరే, లేకుంటే ఆగాలె. ఇయ్యాల బాపు ఇస్తడు. రేపు ఎవరు ఇస్తరో తెల్వదు."

చిన్నాయినకు కోపమొచ్చింది. నువ్వు ఏ ఊరిదానివి, మా ఊరి ముచ్చట నీకెందుకు అన్నాడు.

"నాది నారాయణపేట దిక్కు. మీరు పొమ్మంటే పోత," అంది ఆమె. "మాట మాత్రం గదే."

ఆమె ఓణీ కొంగును వేళ్లకు చుట్టుకుని పట్టుకుంది. ఇన్నాళ్లూ ఆమెను అందరి మాటా వినే మెత్తని పిల్ల అనుకున్నాను. ఆ మెత్తదనం కింద ఇంత గట్టి నేల ఉందని నాకు ఆ క్షణంలో తెలిసింది. మొన్న మా బాపు బాధను అంత ఓపికగా విన్న మనిషే, ఇవాళ ఆయన ముందే ఈ మాట చెబుతోంది. ఆ రెండూ ఒకే పని అని ఆమెకు తెలుసు. నాకు అప్పటిదాకా తెలియదు.

అప్పుడు బాపు గొంతు వినిపించింది.

"ఎంత వెడల్పు గావాలె?"

మొదట ఎవరికీ అర్థం కాలేదు. ఆయన మళ్లీ అడిగాడు. ఆ యువకుడే జవాబు చెప్పాడు. "నలుగురు మోసుకపోయేటంత, కాకా."

బాపు అరుగు దిగి ఇంటి వైపు నడిచాడు. అందరం వెనకే పోయాం. ఇంట్లోంచి నులక మంచం బయటికి తెచ్చాడు. చేను దగ్గరికి పోయి, గొడ్డలి కర్రతో కంపను తానే పక్కకు లాగేశాడు. మోయండి, ఎంత జాగా పడుతుందో చూద్దాం అన్నాడు. ఆ యువకుడు ఒక కోడు పట్టాడు. వాడలోని ఇంకొకాయన ఒకటి పట్టాడు. నా రూమ్మేట్ ఒకటి పట్టింది. నాలుగో కోడు దగ్గర ఎవరూ లేరు. మా పిల్లలు ఒకరిద్దరు ముందుకు రాబోయారు గానీ, బాపు చేత్తో ఆపాడు. ఊరి వాళ్ల వైపు చూశాడు. ఎవరూ కదలలేదు. అప్పుడు నా వైపు చూశాడు.

"నువ్వు పట్టు బిడ్డా."

నేను పట్టాను. మంచం భుజాలకెత్తుకున్నాం. నేనూ నా రూమ్మేట్ వెనక, వాళ్లిద్దరూ ముందు. మా చేను అంచున ఊరి వైపు చివర నుంచి బొందలగడ్డ దాకా నడిచాం, ఎక్కడా ఒరగకుండా. వెనక బాపు గోడలోంచి రాళ్లు తీసి, మా అడుగులకు ఒక పక్కా ఇంకో పక్కా వేసుకుంటూ వస్తున్నాడు. రాయి నేల మీద పడ్డ చప్పుడు, మళ్లీ రాయి, మళ్లీ రాయి. మంచం మీద ఏమీ లేదు, అయినా నాకు అది చాలా బరువుగా అనిపించింది. అవతల దించినప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, రెండు వరుసల రాళ్ల మధ్య ఒక బాట ఉంది. పొద్దున లేని బాట. నా జీవితంలో ఒక చర్చిలో గాని, ఒక గుడిలో గాని ఆ నిమిషంలో నిలబడ్డట్టు నిలబడలేదు.

ఏడో రోజు మా పిల్లలూ వాడ వాళ్లూ కలిసి ఆ రాళ్లతో రెండు పక్కలా గోడ కట్టారు. కుక్కలు దూరకుండా సందులన్నీ పూడ్చారు. బాపు పంచాయతీలో కాగితం రాసిచ్చాడు, ఈ బాట మీద పోవడానికి ఎవరినీ అడగాల్సిన పని లేదని. అర్జీ మేడం బ్యాగులోనే ఉండిపోయింది. చిన్నాయిన ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు. ఆ ఎండాకాలమే చేను పంచుకున్నారు. బాట ఉన్న భాగం బాపు తీసుకున్నాడు.

తిరుగు బస్సులో నా రూమ్మేట్ నాకు ఒక సంగతి చెప్పింది. వాళ్ల తాత చనిపోయినప్పుడు వాళ్ల ఊళ్లో బాట ఇవ్వలేదట. ఆయనను మూడు ఊర్ల అవతల, వాళ్ల మేనత్త ఊళ్లో పూడ్చారట. అప్పుడు ఆమె ఆరో తరగతి. ఆ మాట మా బాపుకు ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆమె ఆగి, కిటికీ చువ్వ పట్టుకుని, "చెప్తే జాలిపడుతుండె. జాలి ఎన్ని దినాలుంటది" అంది. ఇంకేమీ అనలేదు. కొండమల్లేపల్లి వచ్చేసరికి నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ఆ ఏడు రోజులూ ఆమె సరిగ్గా నిద్రపోలేదని నాకు అప్పుడు తట్టింది.

ఆమె ఇప్పుడు ఆత్మకూర్ దగ్గర ఒక బడిలో టీచరు. నేను పంచాయతీ కార్యదర్శిగా పనిచేస్తున్నాను. మోరీ నీళ్లు, నల్లా వంతు, ఇంటి హద్దు, రోజుకో పంచాయితీ నా ముందుకు వస్తుంది. ఆమె చేసినట్టు చేయబోతాను. ఒకాయన "నా మాట నాకే చెప్తవేంది మేడం, పని చూడు" అని కసిరాడు. చాలాసార్లు నాకు ఓపిక చాలదు.

పోయిన నెల ఫోన్లో మాట్లాడుతూ, చిన్నాయిన ఆ బాట మీద ఇప్పటికీ కాలు పెట్టడని, గుట్ట దిక్కు పోవాలంటే తానే చుట్టూ తిరిగి పోతాడని నవ్వుతూ చెప్పాను. ఆమె నవ్వలేదు. అవతల ఆమె ఆగడం నాకు తెలుస్తూనే ఉంది.

"ఆయన మాట ఎవరన్న విన్నరా?" అంది.

ఎవరమూ వినలేదు. నేను ఆ మాట అనకుండానే ఫోన్ పెట్టేశాను. ఇన్నేళ్లలో నాకు తట్టని సంగతి ఆమెకు ఒక్క క్షణంలో తట్టింది. ఆ వచ్చే ఆదివారం పొద్దున నేను చిన్నాయిన ఇంటికి పోయాను. ఆయన పత్తి విత్తనాల సంచి కుట్టు విప్పుతున్నాడు. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. నీ మాట వినడానికి వచ్చిన అన్నాను. సంచి కుట్టుదారం పూర్తిగా లాగేసి మొదలుపెట్టాడు. అన్న తనను ఒక్క మాట అడగకుండా అందరి ముందు చేను కోసిచ్చాడని, ఆ రోజు అరుగు మీద తాను ఉండీ లేనివాడయ్యాడని చెప్పాడు. నేను విన్నది తిరిగి చెప్పాను. గట్ల కాదన్నాడు. మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. నేను గోడకు ఆనించి ఉన్న పీట తెచ్చుకుని ఆయన ఎదురుగా వేసుకున్నాను.